క్లాటా, లాసెట్టా? ముందు పాపని అడిగారా?

ప్రశ్న: మాది ఆదోని. పత్తి యార్డులో కమీషన్ వ్యాపారం. మా పాప ఇంటర్ సీఈసీ రెండో సంవత్సరం. పదో తరగతి దాకా తెలుగు మీడియం. లా చదివిస్తే బాగుంటుందని అనుకుంటున్నాం. హైదరాబాద్‌లో క్లాట్ (నేషనల్ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష) కోచింగ్‌కి హాస్టల్‌తో కలిపి లక్షన్నర అడుగుతున్నారు. లాసెట్‌తో (మన రాష్ట్రం లా కాలేజీల ప్రవేశ పరీక్ష) లా చదివితే కోర్టు ముందు చెట్టు కింద కూర్చోవడమేనని మా చిన్నాయన కొడుకు అంటున్నాడు. రెండిట్లో ఏది మంచిది? చదువైపోగానే జడ్జి పరీక్ష రాయించాలని మా కోరిక.

జవాబు: ముందు ఆ చెట్టు సంగతి చూద్దాం. మీ అసలు భయం అదే కదా. దసరా దాటితే చాలు, ఇదే ప్రశ్న నాకు ఇంకో ఊరి పేరుతో వస్తుంది.

చెట్టు కింద కూర్చునేవాళ్లు లేరని నేననను. సీనియర్ దగ్గర కొత్తగా చేరిన జూనియర్‌కి మొదట్లో ఆటో ఛార్జీలు కూడా గిట్టవు. అయితే అది లాసెట్ రాసిన పాపం కాదు. నేషనల్ లా యూనివర్సిటీలో చదివొచ్చి కర్నూలులో బోర్డు పెట్టినా మొదటి ఏడాది అంతే. మన కోర్టుల్లో నడిచేవి గట్టు తగాదాలు, భాగపరిష్కారాలు, చెక్ బౌన్సులు. అడంగల్ చదవడం, పాత దస్తావేజులో సర్వే నంబరు పట్టుకోవడం, బోనెక్కిన రైతును అతని యాసలోనే ప్రశ్న అడగడం వచ్చినవాళ్ల దగ్గరికి కక్షిదారులు వెతుక్కుంటూ వస్తారు. తెలుగు మీడియం పాపకి అక్కడ లోటేమీ లేదు.

ఇక క్లాట్. 120 నిమిషాలు, 120 ప్రశ్నలు, తప్పుకి పావు మార్కు కోత, అంతా ఇంగ్లీషే. ప్రశ్నలు పెద్ద పెద్ద పేరాల కింద వస్తాయి. ఆ పేరా చదివే టైము కూడా ఆ ప్రశ్నకొక నిమిషంలోనే సర్దుకోవాలి. పోయినేడు తెలుగు మీడియం నుంచి వచ్చిన ఒక పాపకి నా టేబుల్ దగ్గరే ఒక పేరా ఇచ్చాను. పెన్సిల్‌తో ఒక్కో లైను కింద గీత గీసుకుంటూ చదివింది. పేరాకే ఆరు నిమిషాలు పట్టింది, అయిదు ప్రశ్నల్లో ఒక్కటే రైటు. ఇంకో పేరా తీసుకుని నేనే తెలుగులో చెప్పాను. అయిదింటికి నాలుగు రైటు! అంటే తర్కంలో లోపం లేదు, ఇంగ్లీషు చదివే వేగమే తక్కువ. ఆ వేగం రోజూ చదివితే ఏడాదికో రెండేళ్లకో వస్తుంది. ఇంటర్ మధ్యలో హాస్టల్లో పడేసి రోజుకో మాక్ టెస్టు పెడితే వచ్చేది టెన్షనే.

ఈ క్లాట్ మోజు మీదే నాకు అనుమానం ఉందని దాచకుండా చెప్తాను. అందరూ చూపించేది ముంబై, ఢిల్లీ కార్పొరేట్ సంస్థల జీతాలు. ఆ సంస్థలు ఎక్కువగా పేరున్న లా యూనివర్సిటీల క్యాంపస్‌లకే వెళ్తాయి, నిజమే. కానీ అక్కడ చేరినవాళ్లందరికీ ఆ ఉద్యోగం రాదు. ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి లక్షల్లో ఉంటుంది. బ్యాంకు లోనుతో బయటికి వచ్చిన పిల్ల జూనియర్‌గా ఓపిక పట్టగలదా? వాయిదాలు కట్టడానికి ఇష్టం లేని ఉద్యోగంలో చేరుతుంది. అలాంటి ఇద్దరితో నేను గంటలు గంటలు ఫోన్లో మాట్లాడాను.

లాసెట్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. పేపర్ తెలుగులోనూ ఉంటుంది, నెగెటివ్ మార్కులు లేవు, 120కి 42 వస్తే అర్హత. మంచి ర్యాంకు తెచ్చుకుంటే అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలో లా చదవొచ్చు. ఏ దారిన వెళ్లినా లాయరుగా ప్రాక్టీసు చేయడానికి చివర్లో రాయాల్సింది ఒకే ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్. వంద ప్రశ్నలు, బేర్ యాక్టులు (వ్యాఖ్యానాలు లేని చట్టాల పుస్తకాలు) దగ్గర పెట్టుకునే రాయొచ్చు.

జడ్జి కోరికకి మాత్రం తొందర పనికిరాదు. మూడేళ్లు ప్రాక్టీసు చేశాకే ఆ పరీక్ష రాయాలని సుప్రీంకోర్టు 2025 మేలో తీర్పిచ్చింది. అంటే మీరు తప్పించాలనుకుంటున్న ఆ చెట్టు కిందే మూడేళ్లు.

ఏమనుకోకండి, ఒక మాట అడుగుతాను. పత్తిని పిడికిట్లో పట్టుకుంటేనే తేమ ఎంతుందో చెప్పేస్తారు మీరు. పాప చదువుని మాత్రం కోచింగ్ వాడి పాంప్లెట్ చూసి, చిన్నాయన కొడుకు మాట విని కొనేస్తారా? ఉత్తరమంతా వెతికాను, పాప ఏమంటోందో ఒక్క ముక్క లేదు. ‘అనుకుంటున్నాం’ అని రాశారు. ఎవరు అనుకుంటున్నారు?

లక్షన్నర కట్టకండి. క్లాట్ రాయాలని పాపకే ఉంటే ఇంటి దగ్గరే పాత పేపర్లు చేసి డిసెంబర్లో రాయనివ్వండి. వైజాగ్ లా యూనివర్సిటీలో మన రాష్ట్రం పిల్లలకి కోటా ఉంది. దానికి పెట్టిన పేరు మన కర్నూలు పక్క పెద్దపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య గారిదే. రాకపోయినా పోయేదేం లేదు, వేసవికి లాసెట్ ఉంటుంది. ఏడాది వృథా చేసి మళ్లీ కోచింగ్ అని మాత్రం అనకండి.

వచ్చే ఆదివారం పాపని తీసుకుని రండి. ఒక ఇంగ్లీషు పేరా, ఒక పెన్సిలు సిద్ధంగా పెడతాను. మీరు మాత్రం వరండాలో కూర్చోవాలి.