వెల్డింగ్ ట్రేడా, ప్రొఫెషనా?

మీ అబ్బాయి ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ తీసుకుంటానంటే "అదేం ప్రొఫెషన్?" అని చుట్టాలు తీసిపారేశారనీ, అసలు ఈ రెండింటికీ తేడా ఏమిటనీ అడిగారు. నేను విశాఖలో గాజువాక, సింధియా వైపు ఫ్యాబ్రికేషన్ షాపుల్లో వెల్డర్‌గా చేసి, ఇప్పుడు వెల్డింగ్ ఇన్‌స్పెక్షన్ చూస్తున్నానండీ. మా అక్క ఇక్కడే జిల్లా కోర్టులో అడ్వకేట్. రెండు పనులనూ ఒకే ఇంట్లో చూసినవాడిగా చెబుతున్నాను.

జీతాన్ని బట్టో, చొక్కాకి మరక అంటుతుందా లేదా అన్నదాన్ని బట్టో ఇది తేలదు. తప్పు చేస్తే నిలదీసేది ఎవరో చూడండి. బార్ కౌన్సిల్ రోల్‌లో, అంటే లాయర్ల జాబితాలో, పేరు ఎక్కాకే అక్క ప్రాక్టీసు పెట్టగలిగింది. దుష్ప్రవర్తన రుజువైతే తోటి లాయర్ల కమిటీయే సస్పెండ్ చేయొచ్చు, ఆ పేరు కొట్టేయొచ్చు కూడా. 1961 నాటి అడ్వకేట్స్ చట్టంలోనే ఆ అధికారం ఉంది. ప్రకటనలు ఇచ్చుకోకూడదు. ఫీజు ఇచ్చాడు కదా అని క్లయింటు కోసం కోర్టును తప్పుదోవ పట్టించకూడదు. కేసు ఓడిపోతే లోపం లాయరుదో, కేసుదో క్లయింటుకు తెలియదు, అందుకే ఇంత కట్టుబాటు. డాక్టర్లకూ, సీఏలకూ ఇలాంటి కౌన్సిళ్లే ఉన్నాయి. ఇంజనీర్లకు మాత్రం దేశమంతటా వర్తించే అలాంటి చట్టం లేదు. మీ చుట్టాలు ఈ మాట నమ్మకపోవచ్చు.

మా దగ్గర పనికే పరీక్ష. పైపు వెల్డర్లకు పెట్టే సిక్స్ జీ టెస్టులో పైపును 45 డిగ్రీల వాలులో బిగించేస్తారు. దాన్ని తిప్పకూడదు, మనమే కూర్చుని, వంగి, మెడ తిప్పుకుంటూ చుట్టూ రూట్, అంటే జాయింట్ అడుగున పడే మొదటి వరుస, వేయాలి. ఆ తర్వాత రేడియోగ్రఫీ (ఎక్స్-రే లాంటి ఫిల్మ్) తీస్తారు, లేదంటే ముక్కలు కోసి వంచి చూస్తారు. లోపల స్లాగ్ (వెల్డింగ్‌లో మిగిలే చిట్టెం) ఉన్నా, రూట్ సరిగా దిగకపోయినా ఫిల్మ్ మీద దొరికిపోతుంది. అక్కడ ఎవరి సిఫార్సూ పనిచేయదు. ఏఎస్ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం) కోడ్ ప్రకారం, పాసైన వెల్డర్ కూడా ఆ వెల్డింగ్ పద్ధతిలో ఆరు నెలలు పని చేయకపోతే అర్హత పోతుంది. జాయింట్ పక్కన అతని స్టాంప్ నంబర్ ఉంటుంది కాబట్టి, ఆ పని ఎవరిదో తర్వాతైనా తెలుస్తుంది. ఇంత కఠినమైన పనిని తక్కువ చేసి మాట్లాడితే నాకు కోపం వస్తుంది.

అయితే ఒక లోటు ఉంది. ఫిట్-అప్ (ముక్కల అమరిక) సరిగా లేని జాయింట్‌ను వెల్డ్ చేయనని ఎదురుచెప్పే వెల్డర్ వెనక ఏ కౌన్సిలూ లేదు. టైమ్ అయిపోతోంది, పైన కవర్ చేసేయ్ అని సూపర్‌వైజర్ ఒత్తిడి చేస్తే, అతను ఒక్కడే నిలబడాలి. ట్రేడ్‌కి ఇంకా దక్కనిది ఈ అండే అని నా అభిప్రాయం.

మీ అబ్బాయిని చేర్పించండి. వెల్డర్ కోర్సు ఏడాదే. ఆ తర్వాత అప్రెంటిస్‌షిప్ మాత్రం రేడియోగ్రఫీతో పరీక్షించే వెల్డింగ్ పనులు జరిగే చోట చూడండి. గేట్లు, గ్రిల్స్ చేసే షాపులో పైపు వెల్డింగ్ చేతికి పట్టుబడదు.