‘బేస్ అదిరింది’ అని రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

ప్రైమస్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ 1991లో తెచ్చిన ‘సెయిలింగ్ ద సీస్ ఆఫ్ చీజ్’ ఆల్బమ్ మీద శ్రోతల మాటలు పోగేసి నువ్వు రాసిన వ్యాసం చదివాను. పోగు బాగానే ఉంది. కానీ ‘బేస్ అదిరింది’ ఏడు చోట్ల, ‘పిచ్చి బ్యాండ్’ ఐదు చోట్ల కనిపించాయి. ఏ పాటలో, ఎన్నో నిమిషంలో, ఏ వాద్యం విని అలా అన్నారో ఒక్క చోటా లేదు. అభిప్రాయం ఎంత విడ్డూరంగా ఉన్నా వ్యాసంలో వేసుకో, కానీ అది ఏ శబ్దం దగ్గర పుట్టిందో పక్కనే చూపించు. చూపించలేకపోతే కొట్టెయ్.

ముందు ‘బేస్’ అనే మాట సంగతి తేల్చు. మన వాడుకలో అది ఊఫర్ దడ. బరాత్‌లో డీజే బండి వెళ్తుంటే కిటికీ అద్దాలు వణుకుతాయే, అది. ఈ ఆల్బమ్‌లో బేస్ అంటే బ్యాండ్ గాయకుడు లెస్ క్లేపూల్ చేతిలోని వాద్యం, బేస్ గిటార్. ఈ రెండూ కలిపేస్తే నీ పాఠకుడు దడ కోసం ఎదురుచూసి, దొరక్క విసుక్కుంటాడు. నాలుగు తీగల బేస్‌లో అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర, పై తీగ 98 దగ్గర పలుకుతాయి. ఆరు తీగలదైతే సుమారు 31 నుంచి 131 వరకు. ఫోన్ స్పీకర్ ఈ అడుగు స్వరాలను దాదాపు మింగేస్తుంది. వేలి దెబ్బ, తీగ చప్పుడు మాత్రం బయటికొస్తాయి. కాబట్టి ‘అంతా టకటకే, బేస్ ఎక్కడుంది?’ అన్న శ్రోత అబద్ధమాడలేదు, ఫోన్‌లో విన్నాడంతే. ప్రతి ఒక్కరినీ మూడు అడుగు: దేనిలో విన్నారు, ఎన్నిసార్లు విన్నారు, పాత మిక్సా (గొంతు, వాద్యాలు కలిపిన తీరు) లేక 2013లో మళ్లీ చేసిన మిక్సా. రెండు మిక్సులనూ నువ్వే పోల్చేటప్పుడు ముందు సౌండ్ సమానం చేసుకో. కాస్త గట్టిగా మోగేదే మెరుగని చెవి చప్పున తీర్పిచ్చేస్తుంది.

ఇక చేతులు. క్లేపూల్ వాయించేదంతా ‘స్లాప్’ అని రాశావు. తప్పు. స్లాప్‌లో బొటనవేలి కణుపు తీగను కొట్టి మెడ మీది లోహపు మెట్ల మీదికి తోస్తుంది, చూపుడు వేలు ఇంకో తీగను పైకి లాగి వదిలేస్తుంది. అందుకే మొదట ‘ఠక్’, వెంటనే ‘టప్’. ‘టామీ ద క్యాట్’లో దీనికి తోడు వేళ్లన్నీ విప్పి తీగలను గీరడం కూడా ఉంది, స్పెయిన్ ఫ్లమెంకో గిటార్ వాళ్లలాగా. ‘జెర్రీ వాజ్ ఎ రేస్ కార్ డ్రైవర్’ మొదట్లో వచ్చే రిఫ్ (మళ్లీ మళ్లీ తిరిగొచ్చే చిన్న స్వరాల వరుస) దారి వేరు. అది ట్యాపింగ్, అంటే తీగను మీటకుండా రెండు చేతుల వేళ్లతో మెడ మీదే తట్టి పలికించడం. పైగా ఆ బేస్ ఆరు తీగలది, మెట్లు లేనిది. మన పాఠకుడికి ఒక్క వాక్యం చాలు: మెట్లున్న బేస్ వీణలాంటిది, మెట్లు లేనిది వయొలిన్‌లాంటిది, వేలు ఏ పిసరు అటూ ఇటూ జరిగినా స్వరం జారుతుంది. ఆ రిఫ్ నూనె రాసినట్టు జారడానికి కారణం అదే. చెవికి గుర్తు కావాలంటే, స్లాప్‌లో స్వరానికి ముందు దెబ్బ వినిపిస్తుంది, ట్యాపింగ్‌లో స్వరమే ముందొస్తుంది.

‘గిటారిస్టుకు వాయించడం రాదు’ అన్న ఫిర్యాదు నీ పోగులో నాలుగుసార్లుంది. కొట్టెయ్యకు, అందరికన్నా వివరంగా జవాబు చెప్పాల్సింది దానికే. మామూలు మెటల్‌లో (గట్టి గిటార్ల రాక్‌లో) రిఫ్‌ను గిటార్ మోస్తుంది, బేస్ అవే స్వరాలను కింద నుంచి తాకుతూ పోతుంది. ఇక్కడ బరువంతా బేస్ ఎత్తుకుంది. దాంతో గిటారిస్టు లారీ లలోండ్‌కు ఖాళీలు మిగిలాయి. ఆ ఖాళీల్లో ఆయన గీతలు గీస్తాడు, అపస్వరాలు చిలకరిస్తాడు, ఒక్కోసారి అసలు వాయించడు. రాక కాదు. పొసెస్డ్ అనే డెత్ మెటల్ బ్యాండ్‌లో వేగంగా వాయించి వచ్చిన మనిషి, పేరున్న గిటారిస్టు జో శాట్రియాని దగ్గర నేర్చుకున్నవాడు. ఒక పాటను మూడుసార్లు విను: ఒకసారి బేస్ మీదే చెవి పెట్టి, ఒకసారి టిమ్ అలెగ్జాండర్ డ్రమ్స్ మీద, చివరిసారి గిటార్ మీద. గిటార్ ఆగిన ప్రతిచోటా నిమిషం, సెకను రాసుకో. ఆ పట్టీ ముందు పెట్టుకుంటే ఫిర్యాదు ఎక్కడ న్యాయమో, ఎక్కడ కాదో నీకే తెలుస్తుంది. కొన్నిచోట్ల న్యాయమే.

‘ఎలెవెన్’ పాటలో లయ తప్పిందని ఒకరన్నారు, నువ్వు అలాగే వేసేశావు. పేరే చెబుతోంది కదా, ఆవర్తానికి (లయ ఒక చుట్టు తిరిగేసరికి) పదకొండు దెబ్బలు. నాలుగు లెక్కన కాలు ఆడించేవాడికి ప్రతి ఆవర్తం చివరా అడుగు తడబడుతుంది. చేతిమీద లెక్కపెట్టుకోవాలంటే మిశ్రజాతి త్రిపుట సరిపోతుంది, లఘువు ఏడు, రెండు ద్రుతాలు, మొత్తం పదకొండు. ఇది లెక్కకు మాత్రమే సుమా. పాట కర్ణాటక తాళంలో ఉందని రాశావో, సంగీతం తెలిసినవాళ్లు నవ్వుతారు. లోపలి విరుపులు నువ్వే విని పట్టుకో.

‘జోకుల బ్యాండ్’ అన్నవాళ్ల చేత సాహిత్యం ఒకసారి చదివించు. క్లేపూల్ ముక్కుతో, బొమ్మల సినిమాలో పాత్రలా పాడతాడు, నిజమే. కానీ ‘జెర్రీ’ చివరికి ఏమైంది? ఇరవై రెండేళ్ల కుర్రాడు ఒక రాత్రి బీరు ఎక్కువై, కారుతో సహా టెలిఫోన్ స్తంభానికి చుట్టుకుపోయాడు. గొంతు నవ్విస్తుంటే కథ చంపుతోంది. ఈ రెండింటి మధ్య ఎడం పట్టుకున్న శ్రోత మాట ఒక్కటి దొరికితే, అది పది ‘కిరాక్’ల పెట్టు. ‘చీజ్’ కూడా తినే చీజ్ ఒక్కటే కాదు. ఇంగ్లిష్ వాడుకలో ‘చీజీ’ అంటే చవకబారు, మూసలో పోసినది. పెద్ద కంపెనీ ఇంటర్‌స్కోప్‌కు చేసిన తొలి ఆల్బమ్‌కే ఆ పేరు పెట్టుకున్నారు. ఈ ముక్క చెప్పకపోతే శీర్షికలోని ఎత్తిపొడుపు పాఠకుడికి అందదు.

ఎవరు ఎటునుంచి వచ్చి విన్నారన్నదీ రాయి. ఈ బ్యాండ్ 1991లో మెటల్ బ్యాండ్ ఆంత్రాక్స్, ర్యాప్ బృందం పబ్లిక్ ఎనిమీలతో కలిసి తిరిగింది, 1992లో చిక్కు లయల రాక్ బ్యాండ్ రష్ కచేరీలకు ముందు వాయించింది. ముగ్గురి జనమూ వేరు. మెటల్ వైపు నుంచి వచ్చినవాడికి గిటార్ పలచన, ఫంక్ రాక్ బ్యాండ్ రెడ్ హాట్ చిలీ పెప్పర్స్ విని వచ్చినవాడికి పాడుకునే పల్లవి కరువు, రష్ అభిమానికి ఈ లయ లెక్కలే విందు. ‘ఫంక్ మెటల్’ అన్న ముద్ర ఒక్కటీ వేసి వదిలేస్తే ఈ తేడా కనపడదు. ఎంపీ3 ఫైళ్ల సంగీత రకాల జాబితాను విన్‌యాంప్ (కంప్యూటర్‌లో పాటలు వినిపించే సాఫ్ట్‌వేర్) పొడిగించినప్పుడు అందులో ‘ప్రైమస్’ అనే రకాన్నే విడిగా పెట్టారు, 108వ అంకె. ఎక్కడ వెయ్యాలో వాళ్లకూ తోచినట్టు లేదు!

నక్షత్రాల సగటు తీసెయ్. పదిమందిలో ఆరుగురు అయిదేసి, నలుగురు ఒక్కొక్కటి ఇచ్చారనుకో, సగటు 3.4. కానీ మూడు ఇచ్చినవాడు ఆ పదిమందిలో ఒక్కడూ లేడు. ఆరు, నాలుగు అని విడిగా రాసి, రెండు వైపుల నుంచీ చెరొక గట్టి మాట తీసుకో. ‘గ్రాండ్‌డాడ్స్ లిటిల్ డిట్టీ’ లాంటి, నిమిషం కూడా లేని ముక్కలను ‘నింపుడు సరుకు’ అన్నవాళ్లను తప్పుపట్టకు. వరుసలోంచి అది తీసేసి ‘ఈజ్ ఇట్ లక్?’ తర్వాత వెంటనే ‘టామీ ద క్యాట్’ పెట్టి విను, నీ అభిప్రాయం అప్పుడు రాయి.

ఒక పొరపాటు మాత్రం అచ్చుకు వెళ్లేలోపే దిద్దాలి. మూడో పేజీలో ‘ప్రైమస్ సక్స్’ (మాటకు మాట అయితే ‘ప్రైమస్ చెత్త’) అన్న ఆరుగురు శ్రోతలను ‘తిట్టినవాళ్ల’ పట్టికలో వేశావు. అది వీళ్ల అభిమానులు కచేరీల్లో గొంతెత్తి అరిచే జేజే. ఆ ఆరుగురినీ మెచ్చుకున్నవాళ్ల వైపు మార్చి, లెక్క మళ్లీ కూడి పంపు.