ఫ్రేము ఇస్తాం, మోటారు మీరే కొనుక్కోండి అంటే ఒప్పుకోవాలా?

ప్రశ్న: మూడేళ్ల కిందట ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్ కొన్నాను. అల్యూమినియం ఫ్రేముకు ఐదేళ్లు, మోటారుకూ బ్యాటరీకీ రెండేళ్లు వారంటీ. గత నెల బండి కడుగుతుంటే మోటారు బిగించిన చోట, వెల్డింగ్ అతుకు పక్కన సన్నని పగులు కనిపించింది. కంపెనీకి రాస్తే, 'ఆ మోడల్ ఆగిపోయింది. కొత్త మోడల్ ఫ్రేము ఇస్తాం. మీ పాత మోటారు, బ్యాటరీ దానికి సరిపోవు, అవి మీరు కొనుక్కోవాలి' అన్నారు. తెలిసినవాళ్లు వెల్డింగ్ చేయించెయ్యమంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, దయచేసి ఆ బండి ఎక్కకండి. అల్యూమినియంలో మొదలైన పగులు తనంతట తాను ఆగదు. తొక్కిన ప్రతిసారీ కొంచెం కొంచెం పాకుతుంది, తెగేటప్పుడు ముందుగా హెచ్చరించదు. పైగా పగులు చూశాక కూడా తొక్కారని తేలితే, నష్టాన్ని మీరే పెంచుకున్నారని అవతలివాళ్లు వాదిస్తారు.

వెల్డింగ్ కూడా వద్దు. ఇలాంటి ఫ్రేములకు ఎక్కువగా వాడే 6061 రకం అల్యూమినియాన్ని వెల్డింగ్ తర్వాత ఫ్యాక్టరీలో వేడి చేసి, చల్లార్చి గట్టిపరుస్తారు. బయట మళ్లీ వెల్డింగ్ చేస్తే ఆ వేడికి అతుకు చుట్టూ ఉన్న బలం పోతుంది. లాయరుగా నన్ను ఇంకా భయపెట్టేది మరొకటి ఉంది. ఆ పగులే మీ సాక్ష్యం. పగిలిన అంచును నిపుణుడు భూతద్దంలో చూస్తే, ఒక్క దెబ్బకు విరిగిందా, నెలల తరబడి మెల్లగా చీలుతూ వచ్చిందా, అతుకులో బుడగలేమైనా ఉన్నాయా అన్నది చాలావరకు చెప్పగలడు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 38వ సెక్షన్ ప్రకారం, పరీక్ష లేకుండా లోపం తేలదనిపిస్తే వినియోగదారుల కమిషన్ (ఈ కేసులు వినే సంస్థ) వస్తువును ల్యాబుకు పంపుతుంది. తయారీ లోపం ఉందని చూపాల్సింది ఫిర్యాదుదారే. పగులును కరిగించి పూడ్చేస్తే ఇక చూపడానికి ఏముంటుంది?

ఇప్పుడు అసలు సంగతి. మీ బిల్లు తీసి చూడండి. బైక్ మొత్తానికి ఒకే లైను, ఒకే ధర ఉంటే, చట్టం దృష్టిలో మీరు కొన్న 'వస్తువు' బైకే. ఫ్రేమూ మోటారూ విడివిడిగా కొనలేదు. ఈ బళ్లలో మోటారును పట్టుకునే భాగాన్ని ఫ్రేములోనే కలిపి, ఆ మోటారు కొలతలకే తయారుచేస్తారు. బ్యాటరీ గూడు కూడా అంతే. ఇదంతా కంపెనీ డిజైనే, మీరు ఎంచుకున్నది కాదు. అలాంటప్పుడు మోటారు కూర్చోని ఖాళీ ఫ్రేము చేతిలో పెడితే లోపం సరిచేసినట్టు ఎలా అవుతుంది? వినియోగదారుల రక్షణ చట్టం 39వ సెక్షన్ కింద కమిషన్ లోపాన్ని తొలగించమనవచ్చు, లోపం లేని, అదే తరహా కొత్త వస్తువు ఇమ్మనవచ్చు, లేదా డబ్బు వెనక్కి ఇప్పించి పరిహారం కూడా వేయవచ్చు.

వారంటీ కాగితంలో 'ఫ్రేము మాత్రమే' అని ఉంటుందని నాకు తెలుసు. దాన్ని చూసి నిరాశపడకండి. వారంటీ అనేది కంపెనీ తనకు తానుగా ఇచ్చిన మాట. చట్టం ఇచ్చే హక్కు దానికి అదనం. వస్తువుల విక్రయ చట్టం, 1930లోని 16వ సెక్షన్ వస్తువు నాణ్యత గురించి, కొన్న పనికి పనికిరావడం గురించి చెబుతుంది. మీ వాదనలో దాన్ని కూడా చేర్చాలి.

అయితే మీకు లేనిపోని ఆశ పెట్టడం నాకు ఇష్టం లేదు. మూడేళ్లు వాడిన బండికి పూర్తి ధర వెనక్కి రావడం కష్టం. వాడకాన్ని లెక్కలోకి తీసుకుంటారు. బ్యాటరీ మూడేళ్లలో ఎలాగూ కొంత అరిగి ఉంటుంది, కాబట్టి కొత్త బ్యాటరీ ధరలో కొంత భాగం భరిస్తానని మీరే ముందుకు వస్తే తప్పేమీ లేదు. అది మీ నిజాయతీని చూపిస్తుంది కూడా. అదే స్థాయి పూర్తి బైక్ ఇవ్వాలి, లేదా కొత్త ఫ్రేముకు సరిపోయే మోటారును వాళ్లే బిగించి ఇవ్వాలి, రెండూ కుదరకపోతే అరుగుదల తీసేసి మిగతా డబ్బు ఇవ్వాలి. ఈ వరుసలో అడగండి.

కంపెనీ వేసే మొదటి ప్రశ్న వాడకం గురించే. ఫ్రేము మీద ఎంతవరకు వాడవచ్చో చెప్పే స్టిక్కరు ఉందేమో చూడండి. ప్రమాణాలు రూపొందించే ఏఎస్‌టీఎం అనే సంస్థ వర్గీకరణలో 3వ రకం బండికి 61 సెంటీమీటర్ల వరకు, 4వ రకానికి 122 సెంటీమీటర్ల వరకు ఎత్తు నుంచి దూకడమే పరిమితి. అంతకు మించి దూకిన వీడియోలు మీరు సోషల్ మీడియాలో పెట్టి ఉంటే అవతలి లాయరు వాటిని తప్పకుండా వెతుకుతారు. అలాగే వేగం పెరగడానికి మోటారు సెట్టింగు మార్పించారా? మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే అది రిజిస్ట్రేషన్ అక్కర్లేని బండిగా చెల్లుతుంది. మార్పులు చేసి ఉంటే మీ లాయరుకు మొదటి రోజే చెప్పేయండి. అవేమీ లేకపోతే ఆ సంగతి నోటీసులోనే గట్టిగా రాయించండి.

ఫ్రేము నంబరు కనిపించేలా, పగులు పక్కన స్కేలు పెట్టి ఫోటోలు తీయండి. సర్వీసు రసీదులు, మెయిళ్లు భద్రం చేయండి. బండి అప్పగించాల్సి వస్తే ఫ్రేము నంబరు, పగులు ఎక్కడుందో రాసిన రసీదు తీసుకోకుండా ఇవ్వకండి. కొన్ని కంపెనీలు కొత్త ఫ్రేము పంపే ముందు పాతదాన్ని కోసి ఫోటో పెట్టమంటాయి. రాతపూర్వకంగా ఒప్పందం కుదిరేదాకా రంపం ముట్టుకోకండి.

అమ్మిన షాపు, కంపెనీ, విదేశీ బండైతే దిగుమతిదారు, అందరికీ 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులోనూ మెయిల్లోనూ నోటీసు ఇవ్వండి. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. కదలకపోతే మీరు ఉంటున్న జిల్లా కమిషన్‌లోనే కేసు వేయండి. కంపెనీ ఊరికి వెళ్లనక్కర్లేదు. బండికి చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. కేసు వేయడానికి గడువు రెండేళ్లు. పగులు చూసిన రోజు నుంచే లెక్కేసుకోవడం క్షేమం. పరీక్ష అవసరమైన కేసు 5 నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టం అంటుంది కానీ, నిజంగా అంతకంటే ఎక్కువ పడుతుందని మనసులో పెట్టుకోండి.

బండి విరిగి ఎవరికైనా గాయమైతే అది వినియోగదారుల రక్షణ చట్టంలోని 82 నుంచి 87 దాకా సెక్షన్ల కింద వేరే కేసు. మీకు ఆ అవసరం రాలేదు, సంతోషం.

చర్చలు నడుస్తుండగానే వాళ్లు ఫ్రేము పంపించేస్తే, డెలివరీ కాగితం మీద 'పూర్తి పరిష్కారంగా స్వీకరించాను' అని ఉందేమో చూడండి. ఉంటే సంతకం పెట్టకండి. ఆ మాట కొట్టేసి, 'నా హక్కులకు భంగం లేకుండా, నిరసనతో స్వీకరిస్తున్నాను' అని రాసి, తేదీ వేసి, ఆ కాగితాన్ని ఫోటో తీసుకోండి.