బాబు అడిగినదానికి ఏం చెప్పను?

మాది నర్సంపేట దగ్గర ఊరు. తొమ్మిదేళ్ల మా బాబుకు బ్లడ్ క్యాన్సర్ తిరగబెట్టింది. ఇక తగ్గించే మందు లేదని, ఇంట్లోనే బాధ లేకుండా చూసుకోమని హైదరాబాద్ డాక్టర్లు మార్ఫిన్ మాత్రలిచ్చి పంపారు. అవి అలవాటైపోతాయని ఊళ్లో ఆర్‌ఎంపీ అనడంతో వేయాలంటే భయమేస్తోంది. మొన్న రాత్రి బాబు "అమ్మా, నాకు ఇగ తగ్గదా?" అన్నాడు. కసిరి పడుకోబెట్టాను. వాడికేమీ చెప్పొద్దని మా ఆయన అంటున్నారు. పాపను అమ్మమ్మ ఇంటికి పంపేశాం. అత్తమ్మేమో మేడారం పోదామంటోంది.
– ఒక తల్లి

అమ్మా, ముందు ఆ మాత్రల సంగతి చూడండి. ఈ రోజే డాక్టర్‌కు ఫోన్ చేసి, ఇంతవరకూ వేయలేదని దాచకుండా చెప్పి మొదలుపెట్టండి. నొప్పికి డాక్టర్ రాసిన మోతాదులో ఇస్తే మార్ఫిన్ పిల్లల్ని మత్తుకు బానిసల్ని చేయదు, ఆయుష్షు తగ్గించదు. నొప్పి వచ్చేదాకా ఆగకుండా టైమ్ ప్రకారం, మామూలుగా నాలుగు గంటలకోసారి ఇవ్వాలి. రాత్రి డోసు ఎలా ఇవ్వాలో అడిగి, ఆ బాధ్యత మీ ఆయనకు అప్పగించండి. మొదట్లో కాస్త మగతగా ఉంటాడు, కొద్దిరోజుల్లో తేరుకుంటాడు. మలబద్ధకం మాత్రం దాదాపు తప్పదు, దానికి మందు మొదటి రోజు నుంచే కావాలి. లేపినా లేవనంత మగతగా ఉంటే వెంటనే ఫోన్ చేయండి. ఈ మాత్రలు అన్ని మెడికల్ షాపుల్లో దొరకవు, అయిపోకముందే తెప్పించుకోండి. ప్రభుత్వ పాలియేటివ్ కేర్ (నయం కాని రోగుల బాధ తగ్గించే) కేంద్రాల నుంచి 'ఆలన' వాహనంలో నర్సులు ఇంటికొచ్చి చూస్తారు. మీ ఊరికి వస్తారేమో ఆశా వర్కర్‌ను అడిగి పేరు రాయించండి.

ఇక బాబు మాట. ఆ వయసు పిల్లలకు చావంటే తెలుసు. ఇన్నాళ్లు వార్డులో ఉన్నవాడికి ఇంకా బాగా తెలుసు. కసిరానని కుమిలిపోకండి, మళ్లీ అడుగుతాడు. అడగకపోతే మీరే కదపండి: "ఆ రోజు ఏదో అడిగినవ్, నీకేమనిపిస్తాంది బిడ్డా?" వాడి భయం చావు గురించే కాకపోవచ్చు. నొప్పి పెరుగుతుందనో, మళ్లీ ఆసుపత్రిలో పడేస్తారనో, ఒక్కణ్నే వదిలేస్తారనో కావచ్చు. ఏది అడిగితే దానికే జవాబివ్వండి. సూటిగా అడిగితే సూటిగానే, "ఈ రోగం పోయే మందు లేదు బిడ్డా. నొప్పి లేకుండ చూస్తం. నేను, నాన్న నీ పక్కనే ఉంటం" అనండి. ఏడుపొస్తే ఏడవండి, వాడి ముందైనా సరే.

మీ ఆయనకు ఇది చదివి వినిపించండి. క్యాన్సర్‌తో బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులను స్వీడన్‌లో అడిగి 2004లో ఫలితాలు ప్రచురించారు. బిడ్డతో చావు గురించి మాట్లాడిన 147 మందిలో ఒక్కరు కూడా ఎందుకు మాట్లాడామా అనుకోలేదు. మాట్లాడనివాళ్లు 258 మంది. వారిలో 69 మంది మాట్లాడి ఉండాల్సిందని బాధపడ్డారు.

పాపను రేపే ఇంటికి తెచ్చుకోండి. కొట్లాడినందుకే తమ్ముడికి ఇలా అయిందని పిల్లలు లోలోపల అనుకుంటారు. "నీ వల్ల రాలేదు, నీకు అంటుకోదు" అని చెప్పి, వాడికి నీళ్లందించడం, పక్కన కూర్చుని కార్టూన్లు చూడడం లాంటివి అప్పగించండి.

మేడారం వాడికి ఇష్టమైతే, డాక్టర్ సరేనంటే వెళ్లండి. జాతర రద్దీలో వద్దు, మామూలు రోజున మాత్రలు వెంట పెట్టుకుని వెళ్లండి. ఎత్తు బంగారానికి, అంటే బరువుకు సరితూగే బెల్లం మొక్కుకు, బాబు బరువు ఇంట్లోనే చూసుకుంటే అక్కడ తూకంలో కూర్చునే శ్రమ తప్పుతుంది. మొక్కు తీరితే తగ్గిపోతుందని మాత్రం వాడితో అనొద్దని అత్తమ్మకు చెప్పండి. తగ్గకపోతే తప్పు తనదే అనుకుంటాడు.