ఏటీసీ (ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్, అంటే విమానాల రాకపోకల నియంత్రణ) ఉద్యోగానికి దరఖాస్తు చేసినవారు కంట్రోల్ టవర్ చూడాలంటే ఎలా అడగాలి?

మీరు అమలాపురంలో బీఎస్సీ పూర్తిచేసి, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీలో ఏటీసీ జూనియర్ ఎగ్జిక్యూటివ్ పోస్టుకు దరఖాస్తు పెట్టానని, పరీక్షకు ముందే రాజమహేంద్రవరం దగ్గరి మధురపూడి విమానాశ్రయంలోని టవర్‌ను లోపలికి వెళ్లి చూడవచ్చా అని అడిగారు. చూడవచ్చు గానీ, అది మనకున్న హక్కు కాదు. అక్కడి అధికారులు కుదురుతుందనుకుంటే ఇచ్చే అనుమతి మాత్రమే. నేనూ కోనసీమవాడినే. దరఖాస్తు చేసిన ఏడాదే ఆ టవర్ ఎక్కాను. ఇప్పుడు వేరే రాష్ట్రంలో అదే ఉద్యోగం చేస్తున్నాను.

మొదటిసారి నేను ఎవరినీ అడగకుండా, మా బాబాయి కొడుకుతో కలిసి మోటారు సైకిల్ మీద రావులపాలెం వంతెన దాటి నేరుగా గేటు దగ్గరికే వెళ్లిపోయాను. పాస్ లేనిదే ఎవరినీ పంపడం కుదరదని అక్కడి సిబ్బంది మర్యాదగానే చెప్పారు. తప్పు పూర్తిగా నాదే. టవర్ ఉండేది భద్రతా నిబంధనలు వర్తించే ప్రాంతంలో కాబట్టి, లోపల పనిచేసే కంట్రోలర్ సైతం సొంత తమ్ముడిని తనంతట తాను పైకి తీసుకువెళ్లలేడు.

రెండోసారి మా ఫిజిక్స్ మాస్టారు చెప్పినట్టు, కళాశాల లెటర్‌హెడ్ మీద ప్రిన్సిపాల్ గారి సంతకంతో ఎయిర్‌పోర్ట్ డైరెక్టర్ గారికి ఉత్తరం పంపాం. మేము అయిదుగురం. ఆధార్‌లో ఉన్నట్టే పేర్లు రాసి, నకళ్లు జతచేసి, మాకు వీలైన మూడు తేదీలూ ఒక ఫోన్ నంబరూ ఇచ్చి, విమానాల రాకపోకలు లేని సమయంలోనే వస్తామని, ఫోన్లు, కెమెరాలు బయటే ఉంచుతామని రాశాం. సుమారు మూడు వారాలకు పిలుపు వచ్చింది. ఇప్పుడు ఇటువైపు నుంచి చూస్తుంటే ఆ ఉత్తరం ఎందుకు పనిచేసిందో నాకు అర్థమవుతోంది. వచ్చేదెవరో, ఎప్పుడో, ఎంతసేపో అందులోనే తేలిపోతే, పాస్‌ల పని చూసేవారు మళ్లీ మళ్లీ ఫోన్ చేసి కనుక్కోవలసిన అవసరం ఉండదు. మీరు ఒక్కరే వెళ్లాలనుకున్నా సరే, చదివిన కళాశాల నుంచి ఒక ఉత్తరం తెచ్చుకోండి. భీమవరం వైపు వారికి గన్నవరంలోని విజయవాడ విమానాశ్రయం కూడా అందుబాటులోనే ఉంటుంది. విశాఖపట్నం విమానాశ్రయం మాత్రం నౌకాదళానిది కాబట్టి అక్కడి పద్ధతి వేరు.

మేము వెళ్లింది జనవరిలో. పొలాల మీద మంచు ఇంకా విడలేదు. విమానాలు లేని వేళకే రమ్మన్నారు గానీ, మంచు వల్ల ఆలస్యమైన హైదరాబాద్ ఏటీఆర్ (చిన్న ప్రొపెల్లర్ విమానం) సరిగ్గా మేము పైకి ఎక్కాక వచ్చింది. అప్పటిదాకా మాతో మాట్లాడుతున్న కంట్రోలర్ గారు చెయ్యెత్తి ఆగమన్నారు. పైలట్‌కు అనుమతి చెప్పి, అతను దాన్ని తిరిగి పలుకుతుంటే, తన ముందున్న, ఆ విమానం వివరాలు రాసుకునే కాగితపు స్ట్రిప్ మీద పెన్ను మొనను ఒక్కొక్క అంకె దగ్గర ఆపుతూ విన్నారు. అంతా సరిపోయాకే టిక్ పెట్టారు. తరువాత బైనాక్యులర్ తీసుకుని, 3,165 మీటర్ల రన్‌వేను ఈ చివర నుంచి ఆ చివరి వరకూ కొంగల కోసం, కుక్కల కోసం మెల్లగా వెతికారు. విమానం దిగి రన్‌వే ఖాళీ చేసేవరకూ మా వైపు తిరగలేదు. పైలట్ తప్పుగా పలికితే ఏమిటని నేను అడిగితే, “అది నేను విని సరిదిద్దకపోతే తప్పు నాదీ అవుతుంది” అన్నారు. ఈ పని మాట్లాడటం కన్నా ముందు వినడమని నాకు ఆ గదిలోనే తెలిసింది.

టవర్ అన్ని విమానాలనూ చూసుకుంటుందన్న అపోహ కూడా ఆ రోజే పోయింది. మన కొబ్బరితోటల మీదుగా బాగా ఎత్తులో సాగిపోయే విమానాలు మాట్లాడేది మధురపూడితో కాదు, చెన్నై ఏరియా కంట్రోల్‌తో. టవర్ బాధ్యత విమానాశ్రయానికీ, దాని చుట్టుపక్కల ఆకాశానికీ పరిమితం.

ఈ సందర్శనకు ఎంపికలో మార్కులేమీ ఉండవు. అక్కడివారిని సిఫారసు అడగవద్దు, పరీక్ష ప్రశ్నలూ అడగవద్దు. షిఫ్టుల గురించీ, రాత్రి డ్యూటీ గురించీ, ట్రైనింగ్ తరువాత రేటింగ్ (సొంతంగా డ్యూటీ చేసే అర్హత) రావడానికి ఎంత కష్టపడాలో దాని గురించీ అడగండి. రాత పరీక్ష తరువాత వాయిస్ టెస్ట్ కూడా ఉంటుంది కాబట్టి, అంకెలు ఒక్కొక్కటిగా ఎలా పలుకుతారో జాగ్రత్తగా వినండి. తొమ్మిదిని ‘నైనర్’ అంటారు, మూడును ‘ట్రీ’ అంటారు. నేను ఇంటికి వచ్చాక రోజూ పావుగంట బస్సుల నంబర్లు అలా చదువుకునేవాడిని.

తేదీల విషయంలో ఒక మాట. మంచు పట్టే డిసెంబరు, జనవరి ఉదయాలను, ప్రయాణికుల రద్దీ ఉండే సంక్రాంతి వారాన్ని వదిలేసి, ఫిబ్రవరిలో ఏదైనా మధ్యాహ్నం అడగండి. ఉత్తరం మాత్రం ఇప్పుడే పంపండి.