స్టాటిక్ రూట్ ఇచ్చినా పీసీ నుంచి పింగ్ ఎందుకు రావట్లేదు?

మొదటి రౌటర్ వెనుక 192.168.1.0/24 నెట్‌వర్క్, రెండోదాని వెనుక 192.168.2.0/24. మొదటి దాంట్లో రెండో నెట్‌వర్క్‌కు స్టాటిక్ రూట్ (చేత్తో రాసిన దారి) పెట్టారు. రౌటర్ నుంచి పింగ్ (అవతలిది జవాబిస్తుందో లేదో చూసే పరీక్ష) వస్తోంది, పీసీ నుంచి రావట్లేదు అన్నారు. ఇది తిరుగు దారి లేకపోవడమే.

రౌటర్ నుంచి వెళ్లే పింగ్‌కు సోర్స్ అడ్రస్ (పంపినవారి అడ్రస్) రెండు రౌటర్ల మధ్య లింకులో మొదటి రౌటర్‌ది, 10.0.0.1. అది రెండో రౌటర్‌కు నేరుగా తెలుసు. పీసీ నుంచి వచ్చిన ప్యాకెట్ కూడా అవతలికి చేరుతుంది, కానీ 192.168.1.0 ఎటుందో తెలియక రెండో రౌటర్ జవాబును పడేస్తుంది, డిఫాల్ట్ రూట్ (వేరే దారి తెలియనప్పుడు వాడేది) ఉంటే అటు పంపేస్తుంది.

రెండో రౌటర్‌లోనూ రూట్ రాయండి: గమ్యం 192.168.1.0, మాస్క్ 255.255.255.0, నెక్స్ట్ హాప్ (ప్యాకెట్‌ను తర్వాత అందించాల్సిన రౌటర్ అడ్రస్) 10.0.0.1. నెక్స్ట్ హాప్‌గా 192.168.1.1 ఇవ్వకండి, నేరుగా అందే అడ్రసే కావాలి.

లినక్స్‌లో అయితే కమాండ్‌తో పెట్టిన రూట్ రీబూట్‌తో పోతుంది, కాన్ఫిగ్ ఫైల్లో రాయాల్సిందే.