కాలేజీ క్వార్టర్‌బ్యాక్ పుడతాడా, కోచ్ చేతిలో తయారవుతాడా?

ప్రశ్న అడిగినవారు జో బరో అనే క్వార్టర్‌బ్యాక్ (అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి విసిరి ఆట నడిపేవాడు) పేరు ఎత్తి, "అలాంటివాళ్ళు పుడతారా, కోచింగ్‌తో తయారవుతారా?" అన్నారు. కింద ఇంకో మాట కూడా రాశారు, వాళ్ళబ్బాయి ఆరో తరగతి అని, ప్రైవేట్ క్వార్టర్‌బ్యాక్ కోచ్ దగ్గర చేర్చాలా వద్దా అని. ఈ రెండూ చదివాక జవాబు రాయకుండా ఉండలేకపోయాను. బరో అంటే ఎవరో దేశమంతటికీ తెలిసిన రాత్రి నేను ఆ స్టేడియంలో ఉన్నాను. ఆ ప్రైవేట్ కోచ్ ముచ్చట మా ఇంట్లోనూ జరిగింది.

2019 సెప్టెంబర్ 7, ఆస్టిన్. టెక్సాస్ యూనివర్సిటీ సొంత గ్రౌండ్‌లో లూయిజియానా స్టేట్, అంటే ఎల్.ఎస్.యూ.తో మ్యాచ్. ఆఫీసులో ఒకాయన రెండు టికెట్లు ఇస్తే ఎనిమిదేళ్ళ మావాణ్ణి తీసుకుని వెళ్ళాను. ఆట ఆఖరికి వచ్చేసరికి ఎల్.ఎస్.యూ. 37, టెక్సాస్ 31. మూడు నిమిషాలు కూడా మిగల్లేదు. బంతి ఎల్.ఎస్.యూ. దగ్గరుంది. థర్డ్ డౌన్, అంటే బంతి తమ దగ్గరే నిలుపుకోడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో మూడోది. ఇంకా 17 గజాలు కావాలి. మా పక్కన అందరూ లేచి అరుస్తున్నారు. బంతి పట్టుకుని పరిగెత్తి టైం కరగబెట్టి, తర్వాత పంట్ కొట్టేస్తారనే (బంతిని దూరంగా తన్ని అవతలివాళ్ళకి ఇచ్చేస్తారనే) అనుకున్నాం. టెక్సాస్ డిఫెన్స్ బ్లిట్జ్‌కి, అంటే క్వార్టర్‌బ్యాక్ మీదికి ఎక్కువమంది దూకడానికి, వచ్చేసింది. బరో వెనక్కి పరిగెత్తలేదు. మనుషులు మీద పడుతుంటే ముందుకి జరిగి, పక్కకి తప్పుకుని, గ్రౌండ్ నడిమధ్యకి విసిరాడు. తన జట్టు జస్టిన్ జెఫర్సన్ అందుకుని ఎండ్ జోన్ (గ్రౌండ్ చివరి గీత అవతలి చోటు) దాకా ఉరికాడు. 61 గజాల టచ్‌డౌన్. అంతసేపూ హోరెత్తిన స్టేడియంలో ఒక్కసారిగా గొంతులు పడిపోయాయి. మ్యాచ్ 45-38తో ఎల్.ఎస్.యూ. గెలిచింది. ఆ రాత్రి బరో 471 గజాలు విసిరాడు.

కారెక్కాక మావాడు అడిగింది ఒక్కటే: "నాన్నా, అతనికి భయం వేయలేదా?"

ఇప్పుడు అంకెలు చూడండి. 2018లో కూడా ఇదే బరో, ఇదే ఎల్.ఎస్.యూ. ఆ ఏడాది 57.8 శాతం పాసులు పూర్తయ్యాయి, 16 టచ్‌డౌన్లు. 2019కి వచ్చేసరికి 76.3 శాతం, 60 టచ్‌డౌన్లు, 5,671 గజాలు, 15 మ్యాచ్‌లాడి 15 గెలుపులు, కాలేజీ ఆటలో ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ. ప్రొఫెషనల్ జట్లు కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2020లో మొదటి పేరు అతనిదే. ఎనిమిది నెలల్లో మనిషికి కొత్త చెయ్యి మొలవదు కదా. మారిందల్లా ఆట నడిపే పద్ధతి. ప్రొఫెషనల్ జట్టు న్యూ ఆర్లిన్స్ సెయింట్స్ నుంచి జో బ్రేడీ అని ముప్పై కూడా నిండని కుర్ర కోచ్ వచ్చాడు. అప్పటికే అక్కడున్న కోచ్ స్టీవ్ ఎన్స్‌మింగర్‌తో కలిసి, పాస్ అందుకోగల ఐదుగురినీ పాస్ రూట్లలోకి (ముందే అనుకున్న దారుల్లోకి) పంపే పద్ధతి పెట్టాడు. స్నాప్‌కి ముందే, అంటే బంతి తన చేతికి రాకముందే, డిఫెన్స్‌ని చదివి చటుక్కున వదిలేయడం బరోకి వచ్చిన విద్య. ఆ విద్యకి సరిపడా ఆటని అమర్చారు.

అయితే కోచే గొప్ప అనేస్తారేమో, ఆగండి. అంతకుముందు మూడేళ్ళు బరో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఉన్నాడు. అక్కడున్నది అర్బన్ మేయర్. అంతకంటే పెద్ద పేరున్న కోచ్‌లు ఎంతమంది? అయినా బరో బెంచి మీదే. 2017లో సీజన్ మొదలవక ముందే చెయ్యి విరిగింది, రెండో స్థానం డ్వేన్ హాస్కిన్స్‌కి పోయింది. మూడేళ్ళలో డిగ్రీ పూర్తిచేసుకున్నాడు కాబట్టి 2018లో ఎల్.ఎస్.యూ.కి మారి వెంటనే ఆడగలిగాడు. ఆ డిగ్రీ లేకపోతే అప్పటి రూలు ప్రకారం ఏడాదిపాటు ఊరికే కూర్చోవాల్సి వచ్చేది, బరో పేరు మనం వినేవాళ్ళమే కాదని నా గట్టి నమ్మకం.

ఒట్టి చెయ్యి బలం సంగతి కూడా ఎల్.ఎస్.యూ.లోనే దొరుకుతుంది. జమార్కస్ రసెల్ అనే క్వార్టర్‌బ్యాక్. అలాంటి చెయ్యి అరుదు. 2007 డ్రాఫ్ట్‌లో మొదటి పేరు అతనిదే. 2010కల్లా అతన్ని తీసుకున్న ఓక్లండ్ జట్టువాళ్ళు వదిలేసుకున్నారు.

నన్నడిగితే, మనం "పుట్టుకతో వచ్చింది" అనుకునేదాంట్లో సగం ఇంట్లో చెవినపడిందే. బరో వాళ్ళ నాన్న జిమ్మీ బరో ఒహాయో యూనివర్సిటీలో డిఫెన్స్ కోచ్‌గా ఉండేవాడు. డిఫెన్స్ ఎలా ఆలోచిస్తుందో పిల్లాడు అన్నం తింటూ విన్నాడు. ఇంకో క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్‌కి హైస్కూల్లో సొంత తండ్రే కోచ్. తండ్రీ కొడుకులూ క్వార్టర్‌బ్యాక్‌లే అయిన మానింగ్‌ల సంగతి సరే సరి. క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్ తండ్రి ప్రొఫెషనల్ బేస్‌బాల్‌లో పిచ్చర్ (బంతి విసిరేవాడు). అందుకే కొడుకు చెయ్యి పైనుంచీ తిరుగుతుంది, పక్కనుంచీ తిరుగుతుంది.

నేను చెప్పాలనుకున్నది ఈ చెయ్యి గురించే.

ఆ మ్యాచ్ చూశాక మావాడికి క్వార్టర్‌బ్యాక్ పిచ్చి పట్టింది. ఆరో తరగతికొచ్చేసరికి బంతి బాగా విసిరేవాడు. భుజం మీంచి కాదు, కాస్త పక్కనుంచి. లేసుల మీద రెండు వేళ్ళు పెట్టి, చూపుడువేలు బంతి మొన దగ్గరికి జరిపి పట్టుకునేవాడు. వాణ్ణి ఆపేసి "సరిగ్గా పట్టుకో" అంటే బంతి జారిపోయేది, వాడి పట్టు వాడికి వదిలేస్తే బొంగరంలా తిరుగుతూ వచ్చేది. పెరట్లో పట్టుకునేది నేనే. అలా తిరిగే మంచి స్పైరల్ అరచేతిలో పడితే చప్పుడే వేరు. మంట పుడుతుంది కానీ బంతి ఎక్కడ పడాలో అక్కడే పడుతుంది.

ఆస్టిన్ శివార్లలోని రౌండ్ రాక్, సీడర్ పార్క్ వైపు మనవాళ్ళ సంగతి మీకు తెలిసిందే. దేనికైనా కోచింగ్ ఉంటే చేర్చేయాలి. లెక్కలకి ఒకటి, స్పెల్లింగ్‌కి ఒకటి, రోబోటిక్స్‌కి ఒకటి. ఫుట్‌బాల్‌కి మాత్రం ఎందుకుండకూడదని నేనూ చేర్చాను. గంటకి 90 డాలర్లు, వారానికి రెండు గంటలు. మొదటి రోజే ఆ కోచ్ ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి, మోచెయ్యి చెవి ఎత్తుకి రావాలన్నాడు. అక్కడ పదిమంది పిల్లలుంటే పదిమందికీ ఇదే మాట. ఒకడు పొడుగు, ఒకడు పొట్టి, ఇంకొకడిది ఎడమచెయ్యి. అందరికీ ఒకటే కొలత.

మూడు నెలలు గడిచాయి. బంతి గాల్లో ఊగడం మొదలైంది. నా చేతికి రావాల్సింది మోకాళ్ళ దగ్గరో, కంచె అవతలో పడేది. ఒకరోజు నాలుగు విసిరి బంతి కింద పెట్టేశాడు. "ఏమైంది రా?" అంటే తలొంచుకుని, "వదిలేటప్పుడు మోచెయ్యి గుర్తొస్తోంది నాన్నా. ఎవరికి వేయాలో మర్చిపోతున్నాను" అన్నాడు. పన్నెండేళ్ళ పిల్లాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గుంటూరులో కాలేజీ రోజుల్లో నా బౌలింగ్ యాక్షన్ బాగాలేదని ఒక పెద్దాయన మార్పించాడు. ఆ తర్వాత నేను బంతి ముట్టుకోలేదు. అదే పని డబ్బిచ్చి మరీ నా కొడుక్కి చేయించానే అని గుండె బరువెక్కింది. బుమ్రా చేతిని ఎవడో ఇలాగే "సరిచేసి" ఉంటే ఏమయ్యేది?

మర్నాడే మాన్పించాను. ఏడో తరగతిలో స్కూల్ టీమ్ కోచ్ మావాడు విసరడం ఒక వారం ఊరికే చూశాడు. తర్వాత "చెయ్యి జోలికి పోను, పాదాలు చూద్దాం" అన్నాడు. ఎటు విసురుతావో ఎడమ పాదం అటే తిరగాలి. అంతే, రెండు నెలలు అదొక్కటే. మావాడి చేతికి తగ్గట్టు పక్కకి వెళ్ళే పొట్టి పాసులు ఎక్కువ పెట్టాడు. మెల్లిగా చప్పుడు తిరిగొచ్చింది.

టెక్సాస్ టెక్ యూనివర్సిటీలో కోచ్ క్లిఫ్ కింగ్స్‌బరీ మహోమ్స్‌కి చేసిందీ ఇదేనంటాను. ఆ వంకర విసురుడుని సరిచేసి పుస్తకంలో బొమ్మలా నిలబెట్టాలని చూడలేదు. 2016 అక్టోబర్ 22న ఓక్లహోమా మీద మహోమ్స్ 734 గజాలు విసిరాడు, అయినా 66-59తో ఓడిపోయారు. ఆ సీజన్ టీమ్ లెక్క 5 గెలుపులు, 7 ఓటములు. గెలుపులే చూసేవాళ్ళకి అది చెత్త కోచింగ్. కానీ ఆ చెయ్యి చెక్కుచెదరకుండా బయటపడింది, 2017లో పదో పేరుగా డ్రాఫ్ట్ అయింది. ఆ తర్వాత మహోమ్స్ ప్రొఫెషనల్ ఆటలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు.

ఇప్పుడు కాలేజీల్లో ఓపిక కూడా కరువైంది. కాలేజీ మారడం తేలిక చేసిన ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చాక, 2021 నుంచి కుర్రాళ్ళు తమ పేరు, బొమ్మ వాడుకున్నందుకు డబ్బు తీసుకోవచ్చన్నాక, రెండేళ్ళు ఒకణ్ణి పక్కన పెట్టుకుని నేర్పే తీరిక కోచ్‌కీ లేదు, ఆగే ఓపిక కుర్రాడికీ లేదు. ఆ డబ్బు వాళ్ళకి న్యాయంగా రావాల్సిందే, దాన్ని నేను తప్పుపట్టను. కానీ బరో ఒహాయో స్టేట్‌లో ఆ మూడేళ్ళూ ప్రాక్టీసులో గడిపిన గంటలు ఎల్.ఎస్.యూ.లో పనికొచ్చాయని మర్చిపోతున్నాం.

మీ అబ్బాయి విషయానికొస్తే, డబ్బు కట్టేముందు ఒక సాయంత్రం వెళ్ళి అక్కడ కంచె పక్కన నిలబడండి. ఆ కోచ్ పొడుగువాడికి ఏం చెప్తున్నాడు, పొట్టివాడికి ఏం చెప్తున్నాడు వినండి. ఇద్దరికీ ఒకటే చెప్తుంటే అబ్బాయిని కార్లో ఎక్కించుకుని ఇంటికి వచ్చేయండి.